నాన్న కారు ఎడమ చక్రం కాలిపోతోంది: బాగు చేయించాలా, అమ్మేయాలా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు.

ఆమె తండ్రి 2010లో కొన్న చిన్న పెట్రోల్ కారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఇప్పటికి లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. రెండేళ్ల కిందట తండ్రి పోయారు. ఆ తర్వాత కారు భీమిలిలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంటి ఆవరణలో, వేపచెట్టు కింద ఎనిమిది నెలలు కదలకుండా ఉండిపోయింది. ఒక వానాకాలమంతా అక్కడే గడిచింది. తర్వాత ఆమె కారును తన పేరుకు మార్పించుకుని, 2025లో రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగించుకున్నారు. నెలకు రెండుసార్లు భీమిలి వెళ్లి, తల్లిని ఎక్కించుకుని నగరంలో కంటి ఆసుపత్రికి తీసుకువెళ్తుంటారు.

నాలుగు నెలలుగా కారు ఎడమ పక్కకు లాగుతోంది. పొద్దున బయలుదేరినప్పుడు బాగానే ఉంటుంది. పది, పదిహేను కిలోమీటర్లు పోయాక బండి బరువెక్కుతుంది, మాడు వాసన వస్తుంది. ఆగి చూస్తే ముందు ఎడమ చక్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. గంట ఆపి ఉంచితే మళ్లీ మామూలైపోతుంది. తండ్రి కాలం నుంచి, అంటే పన్నెండేళ్లుగా కారు చూస్తున్న మెకానిక్ ఒకాయన ఉన్నారు. ఇంట్లో అందరూ ఆయనను బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన బ్రేక్ ప్యాడ్లు మార్చి, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే పట్టు) పిన్నులకు బేరింగ్ గ్రీజు రాసి 'సెట్ అయిపోతుందమ్మా' అన్నారు. కాలేదు. మొన్న విప్పి చూస్తే ఎడమ చక్రం లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగిపోయింది, బయటి ప్యాడ్ సగం మిగిలే ఉంది. ఇప్పుడు ఆయన రెండు క్యాలిపర్లు, రెండు డిస్కులు, ప్యాడ్లు, మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్‌కు అందించేది), బూస్టర్ (కాలి బలానికి సాయం చేసేది) అన్నీ మార్చాలంటూ 32 వేలు లెక్క చెప్పారు. అన్నయ్య ఆ డబ్బు పెట్టడం దండగ, తుక్కుకు ఇచ్చేయమంటున్నారు. తల్లి మాత్రం 'మీ నాన్న బండి' అని ఒక్క మాటే అంటున్నారు. ఈమె డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ కారు మీదే. కారు వయసైపోయినట్టేనా, వేరే మెకానిక్‌కు చూపిస్తే బాబాయ్ నొచ్చుకుంటారా, అమ్మేస్తే నాన్నకు అన్యాయం చేసినట్టా అని అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో డబ్బు గురించి, అన్నయ్య గురించి, నాన్నగారి గురించి వివరంగా రాశారు. అన్నిటికంటే నన్ను భయపెట్టిన సంగతిని మాత్రం ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. కిందటి నెల అమ్మగారితో సింహాచలం కొండ దిగి, కింద ఆగబోతే బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి పోయిందని, మీవారు చక్రం మీద సీసాడు నీళ్లు పోశారని, అరగంటకు పెడల్ మళ్లీ గట్టిపడిందని రాశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ రోజు మీ బ్రేక్ ఆయిల్ మరిగింది. ఎడమ ప్యాడ్ డిస్కును వదలకుండా రుద్దుతోంది, దానికి తోడు కొండ దిగుతూ మీరు బ్రేకులు వేస్తూ వచ్చారు. ఆ వేడి పిస్టన్ గుండా లోపలున్న ఆయిల్‌కు చేరింది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఆ ఒత్తిడి నేరుగా చక్రానికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అదే నలిగిపోతుంది. అందుకే పెడల్ లోపలికి పోయింది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమైంది, పెడల్ గట్టిపడింది. బాగైపోయినట్టు కనిపించింది గానీ, లోపల ఏమీ మారలేదు. కొండ ఇంకో రెండు మలుపులు ఎక్కువుంటే ఏమయ్యేదో రాయడం నాకిష్టం లేదు.

మీ నాన్నగారి అలవాటు ఇక్కడ మనకు మేలు చేసింది. గ్లవ్ బాక్సులో ఆయన రాసుకున్న చిన్న డైరీ ఉందని, బ్రేక్ ఆయిల్ మార్చిన చివరి తేదీ 2018 మార్చి అని రాశారు. బ్రేక్ ఆయిల్‌కు గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత దగ్గర నుంచి, రబ్బరు పైపుల గుండా కూడా కొంచెం కొంచెంగా తేమ చేరుతూనే ఉంటుంది. డబ్బా మీద డాట్ 4 అని ఉన్న ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే ఆ అంకెలు 205, 140. మామూలుగా రెండేళ్లకోసారి మార్చాల్సిన ఆయిల్‌ను మీరు 2018 నుంచి మార్చలేదు, పైగా సముద్రపు గాలిలో ఉంచారు. మూత తీసి చూడండి, డికాషన్ రంగులో ఉంటే ఆశ్చర్యపోను.

కాబట్టి మొదటి మాట. ఈ పని పూర్తయ్యేదాకా ఆ కారులో ఎవరూ ప్రయాణించకూడదు. షెడ్డుకు కూడా నడుపుకుంటూ వెళ్లకండి. మెకానిక్‌ను ఇంటికి పిలిపించండి, లేదంటే కార్లను మోసుకెళ్లే బండి మీదకు ఎక్కించి పంపండి. అమ్మగారి ఆసుపత్రి ప్రయాణాలకు అంతవరకు ట్యాక్సీ మాట్లాడుకోండి. ఇందులో మాత్రం నేను మీకు రెండో దారి చూపించలేను.

వేడి డిస్కు మీద నీళ్లు పోయడం ఇంకెప్పుడూ చేయకండి. అది పోత ఇనుము. ఒక్కసారిగా చల్లబడితే పగుళ్లివ్వొచ్చు, వంకర పోవచ్చు. ఆవిరి చేతికి కొడితే బొబ్బలెక్కుతాయి. ఇంకెప్పుడైనా, ఏ కారులోనైనా పెడల్ అలా మెత్తబడితే గబగబా నాలుగైదుసార్లు తొక్కండి, గేరు తగ్గించండి, హ్యాండ్ బ్రేక్‌ను ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా లాగండి. మీ కారులో హ్యాండ్ బ్రేక్ కేబుల్‌తో వెనక డ్రమ్ములను పట్టుకుంటుంది. దానికి ఈ ఆయిల్‌తో సంబంధం లేదు.

ఇక అసలు జబ్బు దగ్గరికి వస్తాను. చక్రం వేడెక్కడం జ్వరం లాంటిది. జ్వరం ఒకటే, దాని వెనక కారణాలు చాలా. కారణం తేల్చకుండా 32 వేల సామాను కొంటే, జ్వరానికి మందుల షాపులో ఉన్నవన్నీ కొన్నట్టే. అవసరమైన మందు అందులో ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. మీ లెక్కలో అదే జరిగింది. నేను చూస్తున్న కారణాల్లో ఒకటి క్యాలిపర్‌కు ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు హోస్ పైపు. అన్నీ ఉన్న ఆ జాబితాలో అదొక్కటీ లేదు!

మీ కారు బ్రేక్ ఎలా పని చేస్తుందో కొంచెం చెప్తాను, తర్వాత చెప్పేది అర్థం కావాలంటే ఇది తెలియాలి. డిస్కుకు రెండు వైపులా రెండు ప్యాడ్లుంటాయి. పిస్టన్ ఉండేది మాత్రం ఒక్కటే, లోపలి వైపు. మీరు పెడల్ తొక్కితే పిస్టన్ ముందుకొచ్చి లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. అప్పుడు క్యాలిపర్ మొత్తం తన రెండు పిన్నుల మీద వెనక్కి జారి, బయటి ప్యాడ్‌ను కూడా డిస్కు మీదకు లాగుతుంది. ఆ పిన్నులు నున్నగా జారితేనే రెండు ప్యాడ్లు సమానంగా పట్టుకుంటాయి, సమానంగా వదులుతాయి.

పెడల్ వదిలాక పిస్టన్‌ను వెనక్కి లాగడానికి స్ప్రింగ్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. డిస్క్ బ్రేకులో పిస్టన్‌కు స్ప్రింగ్ లేదు. పిస్టన్ చుట్టూ నలుచదరపు అంచులున్న రబ్బరు సీల్ ఒకటి ఉంటుంది. పిస్టన్ ముందుకు పోయినప్పుడు ఆ సీల్ కొంచెం మెలిపడుతుంది. ఒత్తిడి తగ్గగానే తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. ఆ వెంట్రుకవాసి ఖాళీ మీదే చక్రం స్వేచ్ఛగా తిరగడం ఆధారపడి ఉంది. పదిహేనేళ్ల రబ్బరుకు ఆ సాగే గుణం తగ్గుతుంది. పిస్టన్ మీది దుమ్ము తొడుగు చిరిగితే ఉప్పుతేమ లోపలికి పోయి పిస్టన్ ఒంటికి తుప్పు పొక్కులు లేస్తాయి. ఎనిమిది నెలలు ఒకే చోట నిలబడ్డ కారుకు ఇవి రావడం సహజం.

ఇప్పుడు మీరిచ్చిన ఆనవాళ్లు చూద్దాం. లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటిది సగం మిగిలిందంటే నా వేలు ముందు పిన్నుల వైపే చూపిస్తుంది. క్యాలిపర్ జారకపోతే పనంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. పైగా పిన్నులకు బేరింగ్ గ్రీజు రాశారన్నారు. చాలా క్యాలిపర్లలో ఒక పిన్ను చివర చిన్న రబ్బరు బుష్ ఉంటుంది, రెండు పిన్నులకూ రబ్బరు తొడుగులుంటాయి. పెట్రోలియం నుంచి చేసిన గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన బుష్ రంధ్రంలో బిగుసుకుంటుంది. ప్యాడ్లు మార్చి, గ్రీజు రాశాక కూడా జబ్బు తగ్గకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. బాబాయ్ కావాలని చేసింది కాదు, ఇది చాలా షెడ్లలో జరిగే పొరపాటే.

అయితే మీరిచ్చిన రెండో ఆనవాలు ఇంకో వైపు లాగుతోంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, కొంత దూరం పోయాక పట్టేసి, గంట ఆగితే వదిలేయడం. ఒత్తిడి లోపల చిక్కుకుపోయినప్పుడు ఇలా జరుగుతుంది. రబ్బరు హోస్ పైపు బయటికి నల్లగా నిగనిగలాడుతున్నా లోపలి పొర పాతబడి ఊడిపోయి, ఒక తలుపులా అడ్డం పడొచ్చు. మీ కాలి బలం దాన్ని తోసుకుని ఆయిల్‌ను క్యాలిపర్‌లోకి పంపుతుంది. తిరిగి రావడానికి మాత్రం ఆ బలం ఉండదు. ఆయిల్ నెమ్మదిగా కారుతూ వెనక్కి వస్తుంది, అంతదాకా బ్రేక్ పట్టుకునే ఉంటుంది. ఒకప్పుడు నేను ఒక పాత కారుకు రెండు క్యాలిపర్లూ కొత్తవి వేయించాక, చివరికి హోస్ పైపే దోషి అని తెలుసుకున్నాను. పాత క్యాలిపర్లలో ఏ లోపమూ లేదు. అప్పటి నుంచి ముందు పరీక్ష, తర్వాతే కొనుగోలు.

ఆ పరీక్షకు సామాను ఏమీ అక్కర్లేదు. ఒక స్పానర్, ఒక సన్నటి గొట్టం, ఒక సీసా చాలు. మీరు పక్కనే నిలబడి చేయించండి.

సమంగా ఉన్న నేల మీద కారు నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లో చెక్కలో అడ్డం పెట్టాలి. ముందు భాగం జాక్‌తో లేపి, కింద స్టాండు పెట్టాలి. ఒక్క జాక్ మీద నిలిపిన కారు కింద ఎవరూ చెయ్యి పెట్టకూడదు. గేరు న్యూట్రల్‌లో ఉంచి ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పండి, కుడిదాన్ని కూడా తిప్పి తేడా గమనించండి. ఇంజిన్ ఆన్ చేసి, మీరు పెడల్‌ను పది పదిహేనుసార్లు గట్టిగా తొక్కి వదలండి, ఆయన వెంటనే చక్రం తిప్పి చూస్తారు. చల్లగా ఉన్నప్పుడు పట్టకపోతే, షెడ్డు ఆవరణలోనే మనిషి నడక వేగంతో కాసేపు అటూ ఇటూ తిప్పి, బ్రేకులు వేస్తూ వేడెక్కించి మళ్లీ చూడొచ్చు. రోడ్డెక్కాల్సిన పని లేదు.

చక్రం బిగుసుకున్న ఆ క్షణంలో క్యాలిపర్ మీదున్న నిపుల్‌ను, గాలి తీయడానికి విప్పుతారే, దాన్ని కొద్దిగా వదులు చేయాలి. గొట్టంలోకి ఆయిల్ చిమ్మి, చక్రం వదులైపోతే ఒత్తిడి లోపల చిక్కుకున్నట్టు లెక్క. తప్పు హోస్ పైపుదో మాస్టర్ సిలిండర్‌దో అయి ఉంటుంది. ఆయిల్ చిమ్మకుండా, చక్రం బిగుసుకునే ఉంటే పట్టు ఇనుములో ఉంది. పిన్నులో, పిస్టనో, ప్యాడ్లు కూర్చునే చోట తుప్పో. ఇంత ఖరీదైన ప్రశ్నకు ఇంత చిన్న నిపుల్ జవాబు చెప్తుంది. తుప్పు పట్టిన నిపుల్ తెగిపోతే మాత్రం క్యాలిపర్ పనికిరాకుండా పోతుంది. కాబట్టి ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచమనండి, సరిగ్గా పట్టే రింగ్ స్పానర్‌తోనే విప్పమనండి.

ఒత్తిడి చిక్కుకుందని తేలితే, హోసా మాస్టర్ సిలిండరా అన్నది తేల్చడం కూడా తేలికే. మళ్లీ చక్రం బిగుసుకున్నప్పుడు ఈసారి నిపుల్ ముట్టుకోకుండా, మాస్టర్ సిలిండర్ దగ్గర ఆ పైపు జాయింటు వదులు చేయాలి. అక్కడ వదిలితే చక్రం తిరిగిందా, తప్పు మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. తిరగలేదు, కింద నిపుల్ విప్పితేనే తిరిగింది అంటే హోస్ పైపే. ఇంకో ఆనవాలు కూడా ఉంది. ఇలాంటి చిన్న కార్లలో చాలావాటికి బ్రేక్ పైపులు ఐమూలగా ఉంటాయి, ముందు ఎడమకు వెనక కుడి జత. మాస్టర్ సిలిండర్ తప్పయితే వెనక కుడి డ్రమ్ము కూడా వేడెక్కాలి. మీరు ఎడమ ముందు చక్రం ఒక్కటే అన్నారు. అందుకే మాస్టర్ సిలిండర్ మీద నాకు అనుమానం తక్కువ.

బూస్టర్ సంగతి మీరే ఇంట్లో చూసుకోవచ్చు. కారు నిలిచే ఉంటుంది కాబట్టి ప్రమాదమేమీ లేదు. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి ఇంజిన్ ఆన్ చేయండి. పెడల్ కాలి కింద కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ సాయం అందుతున్నట్టే. బూస్టర్ వదలకుండా పట్టుకుందంటే ఒక్క చక్రం కాదు, నాలుగూ పట్టేయాలి. మీ విషయంలో దాన్ని జాబితాలోంచి కొట్టేయొచ్చు అనుకుంటున్నాను.

పరీక్ష ఏం చెప్పినా చేయాల్సిన పని ఒకటుంది. పాత బ్రేక్ ఆయిల్ అంతా తీసేసి, నాలుగు చక్రాల దగ్గరా కొత్తది తేటగా వచ్చేదాకా ఎయిర్ తీయించాలి. సీలు తీయని డబ్బా కొనండి, కారులో బ్రేక్ ఆయిల్ పోసే చోట మూత మీద కంపెనీ ఏ డాట్ రాసిందో అదే. దాన్ని ఆయిల్ అని పిలుస్తాం గానీ నిజానికి అది నూనె కాదు. ఇంజిన్ ఆయిల్ చుక్క అందులో పడినా సిస్టంలోని రబ్బరు సీళ్లన్నీ పాడవుతాయి. పెయింటు మీద ఒలికితే రుద్దకుండా వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేస్తుంది.

ఆ తర్వాత మీ ముందు కొన్ని దారులుంటాయి.

పిన్నులే బిగుసుకున్నాయని తేలితే ఖర్చు తక్కువ. పిన్నులు బయటికి తీసి, రంధ్రాలు శుభ్రం చేసి, కొత్త రబ్బరు తొడుగులు, కొత్త బుష్ వేసి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు రాయాలి. పిన్ను మీద తుప్పు గుంటలుంటే పిన్ను మార్చాలి, గీకి సరిపెట్టకూడదు. ప్యాడ్లు కూర్చునే బ్రాకెట్లో క్లిప్పుల కింద తుప్పు పేరుకుంటుంది, అది కూడా గీకించాలి. అక్కడ ఇరుకైతే కొత్త ప్యాడ్ కూడా వెనక్కి రాదు. ఈ పని ఒక పూటలో అయిపోతుంది. ఒకటే చిక్కు, పిస్టన్ కూడా పాడయ్యే దశలో ఉంటే నాలుగైదు నెలలకు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. కాబట్టి విప్పిన రోజే పిస్టన్‌ను కూడా చూడాలి. నిపుల్ కొద్దిగా వదులు చేసి, పాత ప్యాడ్ అడ్డం పెట్టి సి క్లాంపుతో పిస్టన్‌ను లోపలికి నెడితే ఒకే తీరుగా, మెత్తగా పోవాలి. మొరాయించినా, దుమ్ము తొడుగు చిరిగి ఉన్నా పిన్నులతో ఆగకండి.

అప్పుడు సీల్ కిట్ దారి. పిస్టన్ బయటికి తీసి, సీల్, తొడుగు కొత్తవి వేయడం. కిట్ ధర వందల్లోనే ఉంటుంది, పనితనమే ముఖ్యం. పిస్టన్ ఒంటి మీద పొక్కులు కనిపిస్తే కొత్త పిస్టన్ కొనాలి. సీల్ కూర్చునే గాడిలో తుప్పు ఉంటే అది పూర్తిగా పోవాలి, లేకపోతే కొత్త సీల్ కూడా పట్టేస్తుంది. గాలి కంప్రెసర్‌తో పిస్టన్‌ను బయటికి తీస్తారు. అది తూటాలా వస్తుంది. ఎదురుగా చెక్క ముక్క పెట్టమని, వేళ్లు దూరంగా ఉంచుకోమని చెప్పండి. దుమ్ములో, గాలిలో కూర్చుని చేస్తే ఈ పని నిలవదు. శుభ్రమైన బల్ల, ఓపిక ఉన్న మనిషి కావాలి. బాబాయ్‌కు ఇది అలవాటు లేదంటే నిజాయితీగా ఒప్పుకోమనండి, అందులో తప్పేం లేదు.

క్యాలిపర్ లోపలి గోడకే తుప్పు గుంటలు పడినా, పిన్నుల రంధ్రం అరిగిపోయినా, నిపుల్ తెగినా కొత్త క్యాలిపర్ తప్పదు. వేలల్లో అవుతుంది. ఆ పరిస్థితి వస్తే కుడిదాన్ని కూడా విప్పి చూడండి, అది కూడా అదే గాలిలో నిలబడింది కదా. కుడిది బాగుంటే కిట్ వేస్తే సరిపోతుంది. తుక్కు కార్ల నుంచి తీసిన క్యాలిపర్ చవకగా దొరుకుతుందని ఎవరైనా అంటే, దాని వయసు కూడా మీ కారంతే ఉంటుందని గుర్తుపెట్టుకోండి. కిట్ వేయకుండా దాన్ని బిగించనివ్వకండి. హోస్ పైపు దోషి అయితే రెండు వైపులా కలిపి మార్చండి. అది చవకే. పరీక్షలో హోస్ నిర్దోషి అని తేలినా, పదిహేనేళ్ల రబ్బరు కాబట్టి ఎలాగూ ఆయిల్ తీస్తున్నప్పుడు మార్చేయడమే నాకు నచ్చుతుంది. ఇది నా ఇష్టం మాత్రమే, తప్పనిసరి అనను.

డిస్కుల గురించి తొందరపడకండి. కనీసం ఎంత మందం ఉండాలో చాలా డిస్కుల మీద చెక్కే ఉంటుంది. కొలిపించండి. నీలం రంగు తిరిగి ఉంటే బాగా కాలినట్టు. పగుళ్లున్నా, లోపలి ప్యాడ్ రేకు గీసిన గాళ్లు లోతుగా ఉన్నా మార్చాల్సిందే, అప్పుడు రెండూ కలిపి. ప్యాడ్లు ఎలాగూ రెండు వైపులా కొత్తవి. ఎడమ చక్రం బేరింగ్ కూడా తిప్పి వినమనండి. అంత వేడికి లోపలి గ్రీజు పలచబడి కారిపోయి ఉండొచ్చు.

ఇక అమ్మేయడం. అన్నయ్య మాటలో ఒక న్యాయం ఉంది. అమ్మగారు ఎక్కే బండి అని ఆయన భయం. ఆయనతో కారు విలువ గురించి వాదించకండి, ఆ భయానికి జవాబు చెప్పండి. దానికోసం కారును లిఫ్టు మీద లేపినప్పుడు ఇంకో చూపు చూడాలి. కింద నడిచే ఇనుప బ్రేక్ పైపులు పొరలు పొరలుగా లేచిపోతున్నాయా? నేల రేకు, సస్పెన్షన్ బిగించే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడుతున్నాయా? అలా ఉంటే నేను కూడా అన్నయ్య పక్షమే. బ్రేకులు బాగు చేయించినా ఒళ్లు నిలవని కారు అది. ఒళ్లు గట్టిగా ఉంటే, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు పెట్రోల్ ఇంజిన్‌కు పెద్ద వయసు కాదు. క్యాలిపర్ పట్టేయడం కారు ముసలితనం కాదమ్మా, రబ్బరు ముక్కలు మార్చలేదని అర్థం. అమ్మాలని నిర్ణయించుకుంటే మాత్రం బ్రేకు సంగతి కొనేవాళ్లకు దాచకుండా చెప్పండి. వాళ్ల ఇంట్లోనూ ఒక అమ్మ ఆ సీట్లో కూర్చుంటుంది.

నాన్నకు అన్యాయమా అని అడిగారు. డైరీలో బ్రేక్ ఆయిల్ తేదీ రాసుకున్న మనిషి ఆయన. కారు మీద ప్రేమకు ఆయన అర్థం అది. మీరు దాన్ని ఉంచుకున్నా అమ్మినా, బ్రేకులు పట్టేస్తున్న బండిలో అమ్మను కొండకు తీసుకెళ్లడం ఆయన ఒప్పుకునేవారు కాదు. ఈ ప్రశ్నకు నా దగ్గర ఇంతకంటే పెద్ద జవాబు లేదు.

బాబాయ్ విషయం నాకు సున్నితంగా అనిపించింది. పన్నెండేళ్లు ఇంటి మనిషిలా చూసిన వ్యక్తి అన్నీ మార్చేద్దాం అన్నారంటే దానికి ఒకే అర్థం ఉండదు. కొండ కింద జరిగింది విని ఆయన కూడా భయపడి ఉంటారు. ఒకసారి చేసిన పని నిలవలేదన్న ఇబ్బంది కూడా ఉంటుంది. మీరు ఆయన దగ్గరికే వెళ్లాలనుకుంటే, గ్రీజు తప్పును ఎత్తి చూపకండి. సిలికాన్ గ్రీజు, మూత మీద రాసిన డాట్ ఆయిల్ డబ్బా మీరే కొని చేతిలో పెట్టి, 'బాబాయ్, సామాను కొనేముందు చక్రం పట్టేసినప్పుడు నిపుల్ విప్పి ఒకసారి చూద్దామా, నేను పెడల్ తొక్కుతాను' అనండి. పని తెలిసిన మెకానిక్‌కు ఆ మాట చాలు, వెంటనే అందుకుంటాడు. అందుకుంటే ఆయన దగ్గరే ఆగిపోండి, మీ కారు చరిత్ర ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 'అవన్నీ అక్కర్లేదమ్మా, మార్చేస్తే పోతుంది' అంటే, ఈ ఒక్క పనికి బ్రేకులే చూసే షాపుకు వెళ్లండి. వెళ్లే ముందు ఆయనకే చెప్పండి. ఇంకెవరి ద్వారానో తెలిస్తే నొచ్చుకుంటారు, మీ నోటితో వింటే కొంచెం చిన్నబుచ్చుకున్నా సర్దుకుంటారు. ఆయిల్ సర్వీసుకు మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తే ఆ చిన్నబుచ్చుకోవడం కూడా పోతుంది.

పని అయ్యాక కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. పిస్టన్ వెనక్కి నెట్టారు కాబట్టి మొదటి తొక్కు ఖాళీగా పోతుంది. ఆ సంగతి మరచిపోయి షెడ్డు గోడను గుద్దిన కార్లు నేను చూశాను. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు అవసరమైతే తప్ప వేయకండి. తొలి రోజు పది కిలోమీటర్లు చదును రోడ్డు మీద తిరిగి, రెండు ముందు చక్రాల దగ్గరా చెయ్యి చాపి వేడి పోల్చండి. తాకకండి, దగ్గర పెడితే తెలుస్తుంది. రెండూ ఒకేలా ఉండాలి. కరోనా కాలంలో కొన్న నుదుటి థర్మామీటర్ ఈ వేడిని కొలవలేదు, దానితో ప్రయత్నించకండి.

భీమిలిలో కారు ఉంచాల్సి వస్తే వారానికొకసారైనా నాలుగు వీధులు తిప్పించండి. ఎక్కువ రోజులు నిలిపితే హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేయకుండా, గేరులో ఉంచి చక్రాలకు అడ్డం పెట్టండి, వెనక లైనర్లు డ్రమ్ముకు అంటుకోకుండా ఉంటాయి. ఏటా వానలకు ముందు పిన్నులు తీయించి చూడండి. బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు ఆ డైరీలోనే, 2018 మార్చి కింది గీతలో రాయండి.

నిపుల్ విప్పినప్పుడు చక్రం తిరిగిందో లేదో, ఆ ఒక్క సంగతి నాకు రాయండి. పిస్టన్ బయటికి తీస్తే దాని ఫొటో కూడా పంపండి. కిట్‌తో సరిపోతుందా, క్యాలిపర్ మార్చాలా అన్నది అప్పుడు ఇంకొంచెం ధైర్యంగా చెప్పగలను.